గిండీలో రెండు రోజుల సేఫ్టీ ప్రెజెంటేషన్ క్లాసు: 8,850 రూపాయలకి ఏం వచ్చింది

నేను చెన్నై దగ్గర గుమ్మిడిపూండి సిప్‌కాట్ పారిశ్రామికవాడలో ఒక స్టీల్ ఫ్యాబ్రికేషన్ షాపులో సేఫ్టీ ఆఫీసర్ని. తొమ్మిదేళ్ళుగా రోజూ పొద్దున 8:10కి టూల్‌బాక్స్ టాక్, అంటే పని మొదలయ్యే ముందు నిలబెట్టి చెప్పే జాగ్రత్తల మాటలు, చెప్తున్నా, నెలకోసారి ట్రైనింగ్ హాల్లో గంటసేపు ప్రెజెంటేషన్ ఇస్తున్నా. ఈ పనిలో ఉన్నవాళ్ళకి తెలుసు, అదే హెల్మెట్, అదే గ్లౌజు, అదే హార్నెస్ (ఎత్తు నుంచి పడిపోకుండా ఒంటికి కట్టుకునే బెల్టు) అని ఏడాది పొడుగునా చెప్పాక ఎదుటివాళ్ళ కళ్ళు మన మొహం మీదే ఉంటాయి, మనసు మాత్రం టీ కొట్టు దగ్గరికి వెళ్ళిపోతుంది. అందుకని ఏదైనా కొత్తగా చేద్దామని చూస్తాం. చేస్తాం కూడా. నాలుగు రోజులు చేసి వదిలేస్తాం. ఎందుకు వదిలేస్తామో ఇన్నాళ్ళూ నాకు సరిగ్గా అర్థం కాలేదు, ఈ క్లాసుకి వెళ్ళాక అర్థమైంది, అందుకే ఇంత పొడుగున రాస్తున్నా.

ముందు లెక్కలు. క్లాసు చెన్నై గిండీలో, లోకల్ స్టేషన్ నుంచి పది నిమిషాల నడకలో ఉన్న ఒక హోటల్ హాల్లో, శుక్ర శనివారాలు, పొద్దున 9:30 నుంచి సాయంత్రం 5:30 దాకా. ఫీజు 7,500, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 8,850. భోజనాలు, టీలు అందులోనే. మా కంపెనీ సగం ఇచ్చింది, సగం నేను పెట్టుకున్నా. గుమ్మిడిపూండి నుంచి సెంట్రల్‌కి లోకల్, రోడ్డు దాటి పార్క్ స్టేషన్, అక్కడ తాంబరం లోకల్ ఎక్కి గిండీ, ఇల్లు దాటింది మొదలు రెండు గంటలు పట్టింది. క్లాసు నడిపేది ఇద్దరు. మణలి వైపు కెమికల్ ప్లాంట్లలో ఇరవై ఏళ్ళకి పైగా సేఫ్టీలో పనిచేసి బయటికొచ్చిన ఒక మేడమ్, ఆమెతో పాటు నాటకాలు వేసే ఒక కుర్రాడు. మేడమ్ వాళ్ళది చూళైలో స్థిరపడిన తెలుగు కుటుంబం. క్లాసు తమిళం, ఇంగ్లీషు కలిపి జరుగుతుంది కానీ మేం తెలుగువాళ్ళం ఆరుగురం ఉన్నామని తెలిశాక మాతో అంతా తెలుగులోనే మాట్లాడారు. సంస్థ పేరు రాయట్లేదు. ఇద్దరే నడుపుకునే చిన్న సంస్థ, బాగోలేనివి కూడా ఇక్కడ రాస్తున్నా కాబట్టి పేరు పెట్టడం న్యాయం కాదనిపించింది.

ఇప్పుడు అసలు సంగతి. పోయిన ఏడాది నేను మా షాపులో ‘వేలు చూపించి పైకి చెప్పడం’ మొదలుపెట్టా. తెలియనివాళ్ళకి చెప్తా, ఇది జపాన్ రైల్వేల్లో వందేళ్ళకి పైగా ఉన్న అలవాటు. డ్రైవరు సిగ్నల్ చూసి ఊరుకోడు, దానివైపు వేలు చాచి, సిగ్నల్ ఏముందో గట్టిగా పలుకుతాడు. కన్ను, చెయ్యి, నోరు, చెవి నాలుగూ ఒకే పని మీద ఉంటాయి కాబట్టి అలవాటులో పడి చేసే పొరపాట్లు తగ్గుతాయి. అక్కడి రైల్వే పరిశోధన సంస్థ 1994లో పరీక్ష పెట్టి చూస్తే, ఏమీ చేయనప్పుడు 100 పనులకి 2.38 తప్పులు వచ్చాయి, వేలు చూపించి పైకి చెప్పినప్పుడు 0.38కి పడిపోయాయి. న్యూయార్క్ మెట్రో వాళ్ళు 1996 నుంచి కండక్టర్ల చేత ప్లాట్‌ఫారం మధ్యలో ఉన్న నలుపు తెలుపు చారల బోర్డు వైపు వేలు చూపిస్తున్నారు, రైలు సరైన చోట ఆగిందని ఖాయం చేసుకున్నాకే తలుపులు తెరవాలని. అంతెందుకు, మన రైళ్ళలో కూడా లోకో పైలట్, అసిస్టెంట్ ఇద్దరూ చెయ్యి చూపించి సిగ్నల్ రంగు ఒకరికొకరు పైకి చెప్పుకుంటారు. మా బాబాయి గూడూరు లైన్లో ఇంజిన్ మీద పనిచేసేవాడు, ఇంట్లో నిద్దట్లో కూడా ‘డబుల్ యెల్లో’ అనేవాడని పిన్ని చెప్తుంటుంది.

ఇంత మంచి పద్ధతి మా షాపులో నాలుగు రోజులు బతికింది. క్రేన్‌తో లోడు ఎత్తే ముందు హుక్ వైపు, లోడుకి చుట్టి హుక్‌కి తగిలించే స్లింగ్ వైపు, లోడు కింద నేల వైపు వేలు చూపించి పైకి చెప్పాలి, అంతే. మొదటి రోజు నవ్వారు, రెండో రోజు కొందరు చేశారు, మూడో రోజు నేను మీటింగులో ఉండి టాక్‌కి వెళ్ళలేదు, నాలుగో రోజు నేనే దాని మాట ఎత్తలేదు. ‘మనవాళ్ళకి ఇవన్నీ పడవు’ అనుకుని వదిలేశా. ఏడాది పాటు అదే అనుకున్నా.

క్లాసులో మొదటి గంట మేడమ్ ఒక్క స్లైడ్ కూడా పెట్టలేదు. ఒక్కొక్కరినీ లేపి, ‘మీరు ఆఖరుసారి చేసిన కొత్త ప్రయత్నం ఏంటి, అది మొదలుపెట్టినప్పుడు మీ నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఏంటి’ అని అడిగారు. ఏం చేశాం అన్నది కాదు, మొదలుపెడుతూ ఏమన్నాం అన్నది మాత్రమే బోర్డు మీద రాసుకుంటూ పోయారు. ముప్ఫై నాలుగు మందిమి ఉన్నాం, బోర్డు నిండిపోయింది. ‘ఊరికే ఒకసారి చేసి చూద్దాం.’ ‘కొంచెం చిన్నపిల్లల ఆటలా ఉంటుంది, ఏమనుకోకండి.’ ‘హెడ్డాఫీసు నుంచి చెప్పారు, చెయ్యక తప్పదు.’ ‘నచ్చకపోతే మానేద్దాం.’ ‘ఐదు నిమిషాలే, తర్వాత మామూలు టాపిక్‌కి వెళ్ళిపోదాం.’ నాది: ‘నవ్వొస్తే నవ్వండి, కానీ ఒకసారి చెయ్యండి.’

ఆమె బోర్డు వైపు తిరిగి చాలాసేపు చదువుతూ నిలబడ్డారు. తర్వాత మమ్మల్ని అడిగారు, ఈ మాటలు మీ వర్కర్ల కోసం అన్నారా, మీ కోసం అన్నారా అని. హాల్లో ఎవరూ మాట్లాడలేదు. నాకైతే గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది, ఎందుకంటే నా మాట నా కోసమే అన్నా, ఎవరైనా నవ్వితే నేను ముందే చెప్పాను కదా అని తప్పించుకోడానికి. పదిహేనేళ్ళ నుంచి గ్రైండింగ్ చేస్తున్న మనిషికి అది ఇట్టే తెలిసిపోతుంది. సేఫ్టీ ఆఫీసరే ఒక కాలు బయట పెట్టుకుని ఉన్నాడని తెలిశాక అతను రెండు కాళ్ళూ లోపల ఎందుకు పెడతాడు?

మిగతా విషయాల్లో సగం సగం ప్రయత్నం చేస్తే పోయేది ఆ ప్రయత్నమే, సేఫ్టీలో అలా కాదు అని ఆమె చెప్పిన మాట దగ్గర నేను ఇంకా ఆగిపోయి ఉన్నా. మనం ఒకటి మొదలుపెట్టి నీరుగార్చామంటే, రేపు చెప్పబోయే లాక్ అవుట్ (రిపేరుకి ముందు మెషిన్ కరెంటు ఆపి తాళం వెయ్యడం) కూడా, ఎల్లుండి చెప్పబోయే హార్నెస్ కూడా అదే లెక్కలోకి వెళ్తాయి: ‘సారు నాలుగు రోజులు అంటాడు, తర్వాత ఆయనే మర్చిపోతాడు.’ నేను నా షాపులో చేసిన నష్టం ఇదన్నమాట. ఏడాదిగా అది కనపడలేదు నాకు.

ఇక మధ్యాహ్నం భోజనం. ఈ క్లాసు గురించి ఒక్క విషయం మాత్రమే రాయాలంటే ఇదే రాస్తా.

భోజనానికి ముందు తలా ఒక టేపు ముక్క ఇచ్చి, కుడి చేతి బొటనవేలు అరచేతిలోకి మడిచి కట్టేయమన్నారు. ఈ ఆట నాకు తెలుసు, చేతుల భద్రత మీద ప్రెజెంటేషన్ ఇచ్చే ప్రతివాడికీ తెలుసు, బొటనవేలు కట్టేసి చొక్కా గుండీ పెట్టమంటాం, షూ లేసు కట్టమంటాం, రెండు నిమిషాలు అందరూ నవ్వుతారు, టేపు పీకేసి తర్వాతి స్లైడ్‌కి వెళ్తాం. నేనూ మూడుసార్లు చేయించా. ఇక్కడ మాత్రం గుండీలు లేవు, లేసులు లేవు. ‘పదండి, భోజనం చేద్దాం, టేపు తిన్నాక తీద్దాం’ అని ఆమె కూడా తన వేలు కట్టుకుని ముందు వెళ్ళి కూర్చున్నారు.

అరిటాకు భోజనం. అన్నం, సాంబారు, రసం, పొరియల్, అప్పడం, పెరుగు. మొదటి ఐదు నిమిషాలు ఒకటే నవ్వులు, ఫోటోలు. సాంబారు అన్నం కలపడం ఎలాగోలా అయింది, ముద్ద చెయ్యడం దగ్గర మొదలైంది అసలు కష్టం. నాలుగు వేళ్ళతో ఎత్తుతాం, పైకి తెచ్చేలోగా వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంది, ముద్దని నోట్లోకి తోసేది బొటనవేలే కదా, అది లేకపోతే మూతి ఆకు దగ్గరికి తీసుకెళ్ళాలి. అప్పడం విరగ్గొట్టడం రాదు. రసం అన్నం గురించి చెప్పక్కర్లేదు. ఒకాయన స్పూన్ అడిగాడు, ఇచ్చారు, స్పూన్ పట్టుకోడానికీ బొటనవేలు కావాలని అప్పుడు తెలిసింది ఆయనకి, నాక్కూడా. పదిహేను నిమిషాలయ్యేసరికి నవ్వులు లేవు. కొందరు విసుక్కున్నారు, ఒకాయన ‘మేడమ్, అర్థమైంది, ఇక తీసేస్తాం’ అన్నాడు. ఆమె తింటూనే, నెమ్మదిగా, ‘తిన్నాక తీద్దామండి’ అన్నారు. అంతే. ఇంకో మాట లేదు. ఆమె చీర మీద కూడా సాంబారు పడింది, తుడుచుకోలేదు.

నా పక్కన అంబత్తూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన కూర్చున్నాడు, ఇనప రేకుని అచ్చులో నొక్కి ఆటో విడిభాగాలు చేసే ప్రెస్ షాపులో సూపర్‌వైజరు, మాది నెల్లూరు జిల్లా అంటే ఆయనది కావలి అన్నాడు, అలా మాట కలిసింది. సగం భోజనమయ్యాక ఆయన చెయ్యి ఆపేశాడు. ‘మా షాపులో ఇద్దరికి ఈ వేలు లేదు బాబూ. ప్రెస్‌లో పోయింది. రోజూ వాళ్ళతో పాటే క్యాంటీన్‌లో తింటా. వాళ్ళు ఎలా తింటున్నారో ఇన్నేళ్ళలో ఎప్పుడూ చూళ్ళేదు’ అన్నాడు. ఆ తర్వాత ఆయన పెరుగన్నం తినలేదు. నేనూ ఏం అనలేకపోయా.

ఏకలవ్యుడి కథ చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం, వేలు కోసిచ్చిన పూట ఏకలవ్యుడు అన్నం ఎలా తిన్నాడన్న ఆలోచన నాకు ఎప్పుడూ రాలేదు.

నలభై నిమిషాల తర్వాత టేపు తీశాక, చేతులు కడుక్కున్నాక, మేడమ్ ఒకే ఒక్క స్లైడ్ చూపించారు. 1923 నాటి కార్మికుల పరిహార చట్టం షెడ్యూల్ నుంచి రెండు లైన్లు. బొటనవేలు పోతే సంపాదించే శక్తి 30 శాతం పోయినట్టు లెక్క. చూపుడువేలు మొత్తం పోతే 14 శాతం. ఈ పట్టిక నేను డిప్లొమా పరీక్ష కోసం బట్టీ పట్టినదే, మార్కులు కూడా వచ్చాయి. ఆ రోజు మాత్రం ఆ 30 అనే అంకెని చూస్తుంటే గోళ్ళలో ఇంకా సాంబారు వాసన వస్తోంది. రెండు చేతులూ నొక్కితేనే దిగేలా ప్రెస్‌కి రెండు బటన్లు ఎందుకు పెడతారో, అందులో ఒకదాన్ని పుల్ల పెట్టో రబ్బరు చుట్టో నొక్కిపెట్టి ఒంటి చేత్తో పని కానివ్వడం అంటే ఏంటో అప్పుడు ఆమె రెండు నిమిషాల్లో చెప్పారు, అంతకంటే ఎక్కువ చెప్పాల్సిన అవసరం పడలేదు.

నేను మూడుసార్లు చేయించిన ఆటా, ఇదీ ఒకటే. అదే టేపు, అదే వేలు. నేను రెండు నిమిషాలకి తీసేయించా, ఎందుకంటే జనం ఇబ్బంది పడుతున్నట్టు అనిపించగానే నాకు టెన్షన్ వచ్చేది. అసలు విషయం ఆ ఇబ్బందిలోనే ఉంది. నవ్వులు ఆగిపోయే దాకా ఉంచాలి. ఆమె ఉంచారు, తను కూడా అందులో ఉండి ఉంచారు.

రెండో రోజు పొద్దున పార్కింగ్ స్థలంలో పరంజా కట్టించి హార్నెస్ ప్రయోగం చేశారు. ఇది కూడా బాగుంది, కాస్త క్లుప్తంగా చెప్తా. 3.5 మీటర్ల ఎత్తు ప్లాట్‌ఫారం, మనిషంత బరువున్న ఇసుక బొమ్మ, దానికి ఫుల్ బాడీ హార్నెస్, హార్నెస్‌ని పైపుకి కట్టే 1.8 మీటర్ల తాడు (లాన్‌యార్డ్), పడ్డప్పుడు విచ్చుకుని కుదుపు తగ్గించే షాక్ అబ్జార్బర్, అన్నీ ఐఎస్ఐ మార్కువే. లాన్‌యార్డ్ హుక్‌ని కాళ్ళ దగ్గరున్న పైపుకి తగిలించి బొమ్మని తోశారు. నేలకి తగిలింది. లెక్క చూస్తే తగలక తప్పదు: తాడు 1.8, అబ్జార్బర్ విచ్చుకుంటే 1.2 దాకా, వీపు మీది రింగు నుంచి పాదాల దాకా 1.5, మొత్తం నాలుగున్నర మీటర్లు, ఉన్నది మూడున్నర. అన్నీ వేసుకున్నాడు, హుక్ కూడా తగిలించాడు, అయినా కింద పడ్డాడు. అదే హుక్ తల పైన తగిలించి మళ్ళీ తోస్తే గాల్లో ఆగింది. ఈ లెక్క నేను స్లైడ్ మీద గీసి చాలాసార్లు చెప్పా, ఆ చప్పుడు మాత్రం స్లైడ్‌లో ఉండదు.

ఇక్కడ నాకు బాగా నచ్చింది ఇంకోటి ఉంది. బొమ్మ పడే చోటు చుట్టూ తాడు కట్టలేదని ఆ నాటకాల కుర్రాడు ప్రయోగం మొదలుపెట్టనివ్వలేదు. అప్పటికే అరగంట ఆలస్యమైంది, ఎండ దంచేస్తోంది, అందరూ కానివ్వమంటున్నారు. అతను తాడు తెప్పించి, కట్టించి, తోసేవాడికి కూడా హార్నెస్ వేయించి, పైన తగిలించాడో లేదో కింద నుంచి చూసి, అప్పుడు సై అన్నాడు. సగం సగం కాకుండా పూర్తిగా చేసి చూపించాలని కొందరు తామే హార్నెస్‌లో వేలాడి చూపిస్తారు, దించే ఏర్పాటు లేకుండా. దయచేసి చెయ్యకండి, కదలకుండా వేలాడితే నిమిషాల్లోనే కాళ్ళలోకి రక్తం దిగిపోయి మనిషి స్పృహ తప్పొచ్చు. ప్రెజెంటేషన్ కోసం ప్రాణం మీదికి తెచ్చుకోకూడదని వీళ్ళకి బాగా తెలుసు, అది చూశాకే నాకు వాళ్ళ మీద నమ్మకం గట్టిపడింది.

ఆ మధ్యాహ్నం ఒక్కొక్కరం నాలుగు నిమిషాలు మన ప్రయత్నం చేసి చూపించాలి. నేను వేలు చూపించి చెప్పడమే తీసుకున్నా. నిలబడి, ‘ఇది కొంచెం కొత్తగా ఉంటుంది…’ అనగానే మేడమ్ ఆపారు. మళ్ళీ మొదలుపెట్టమన్నారు. రెండోసారి చెయ్యి మోచేతి దాకానే లేచింది, ఆపారు. మూడోసారి చెయ్యి చాచా కానీ గొంతు రాలేదు. ‘క్రేన్ ఎంత ఎత్తులో ఉంటుందండి మీ షాపులో?’ ఎనిమిది మీటర్లు అన్నా. ‘ఆపరేటరుకి వినపడిందా?’ ఐదోసారికి చెయ్యి పూర్తిగా చాచి, ‘హుక్ సరే! స్లింగ్ సరే! కింద మనిషి లేడు!’ అని అరిచా. ఆ అరుపుకి హోటల్ కుర్రాడు తలుపు తీసి చూశాడు. ఎవరూ నవ్వలేదు. నాలుగుసార్లు ఆపినా ఆమె ఒక్కసారి కూడా చిన్నబుచ్చలేదు, అందుకే ఐదోసారి చెయ్యగలిగా.

బాగోలేనివి కూడా చెప్పాలి కదా. బ్యాచ్‌కి ఇరవై మంది అని ఫోన్లో చెప్పారు, ముప్ఫై నాలుగు మందిని తీసుకున్నారు, దానివల్ల మొదటి రోజు సాయంత్రం గొంతు, ఊపిరి మీద నాటకాల కుర్రాడు తీసుకున్న క్లాసు సాగీ సాగీ సగం మందికి వంతే రాలేదు. ఇచ్చిన పుస్తకం మొత్తం ఇంగ్లీషు, నాకు పర్లేదు కానీ మా కాంట్రాక్టరు సూపర్‌వైజర్లకి ఇస్తే వాళ్ళేం చేసుకుంటారు, కనీసం తమిళంలో అయినా ఉండాల్సింది. ఇంకొకటి, రెండో రోజు ఆఖర్లో నిజం ప్రమాదాల వీడియోలు చూపించారు, రక్తంతో సహా. ఇది నాకు అస్సలు నచ్చలేదు, లేచి చెప్పా కూడా. ఆ వీడియోలో ఉన్నది ఎవరో ఒకరి కొడుకు, అతని వాళ్ళని అడిగి పెట్టింది కాదు అది. పైగా అలాంటివి చూసిన మా కుర్రాళ్ళు జాగ్రత్త పడ్డం కంటే ఆ వీడియో ఒకరికొకరు పంపుకోవడం ఎక్కువ చూశా. మేడమ్ ఒప్పుకోలేదు, కొందరికి అదీ కావాలన్నారు. ముందు రోజు అరిటాకు ముందు అంత గొప్ప పని చేయించినవాళ్ళకి ఈ వీడియోల అవసరం ఏముందో నాకు అర్థం కాలేదు. సర్టిఫికెట్ గురించి అడిగేవాళ్ళకి, అది ఫ్రేము కట్టించుకోడానికే, సేఫ్టీ ఆఫీసర్ అర్హతకి పనికిరాదు. దానికోసం ఏడాది డిప్లొమా చెయ్యాల్సిందే, చెన్నైలో అయితే తరమణిలో ఉన్న కేంద్ర ప్రభుత్వ రీజనల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది.

క్లాసయ్యాక మూడు వారాల పాటు వాట్సాప్ గ్రూపులో రోజూ ఒక ప్రశ్న పెడతారు, ఈ రోజు చేశారా లేదా అని, అవును లేదు అంతే. అది పనికొచ్చింది. ఆ తర్వాత గ్రూపు చల్లబడిపోయింది.

మా షాపు సంగతి. సోమవారమే మొదలుపెట్టలేదు, ఒక వారం తీసుకున్నా. ముందు ప్లాంట్ హెడ్‌తో మాట్లాడి, ఆయన షాపులోకి వచ్చినా ఫోర్క్‌లిఫ్ట్ దారి దాటేముందు వేలు చూపించి పైకి చెప్పాలని ఒప్పించా, ఆయన చెయ్యకపోతే మొదలుపెట్టనని కూడా చెప్పా. కాంట్రాక్టరు సూపర్‌వైజర్లు ముగ్గురితో విడిగా కూర్చున్నా. ఏ భాషలో పలకాలన్నది పెద్ద చర్చ అయింది, మా దగ్గర తెలుగు, తమిళం, హిందీ, ఒడియా అన్నీ ఉన్నాయి. చివరికి ఎవరి భాషలో వాళ్ళు అనుకున్నాం. మనం ‘సరే’ అంటే తమిళంవాళ్ళు ‘సరి’ అంటారు, పైన ఉన్న ఆపరేటరుకి రెండూ ఒకటే, హిందీ కుర్రాళ్ళు ‘ఠీక్’ అంటారు. ఇంట్లో హాల్లో నిలబడి రోజూ రాత్రి చెప్పుకున్నా, మా అమ్మాయి ఫ్యాను వైపు వేలు చూపించి ‘ఫ్యాన్ సరే’ అని నాకు తోడయ్యేది.

మొదటి రోజు టాక్‌కి స్లైడ్లు లేవు, ల్యాప్‌టాప్ కూడా తీసుకెళ్ళలేదు. ‘నవ్వొస్తే నవ్వండి’ అనలేదు. క్రేన్ కింద నిలబడి నేనే చేశా, ప్లాంట్ హెడ్ చేశాడు, తర్వాత లోడుని క్రేన్‌కి కట్టే రిగ్గర్లు ఒక్కొక్కరూ చేశారు, నలభై ఆరు మంది అయ్యేదాకా ఎవరం కదల్లేదు, పని ఇరవై నిమిషాలు ఆలస్యంగా మొదలైంది. నవ్వారు, బాగానే నవ్వారు. నేను ఆగలేదు. ఆ రోజు నుంచి నేను ఒంటరిగా ఉన్నా సరే, రాత్రి షిఫ్టులో ఎవరూ లేకపోయినా సరే, ఫోర్క్‌లిఫ్ట్ దారి దగ్గర ఆగి, ఎడమ వైపు వేలు, కుడి వైపు వేలు, పైకి చెప్పి దాటుతున్నా. ఒకసారి రాత్రి పదకొండింటికి అలా దాటుతుంటే పైన క్రేన్ నడిచే గ్యాంట్రీ మీద నుంచి ఒక ఒడియా హెల్పర్ చూస్తున్నాడని నాకు తెలియదు. పొద్దున క్యాంటీన్‌లో అతనే మిగతావాళ్ళకి చెప్తున్నాడు, సారు ఎవరూ లేకపోయినా చేస్తున్నాడు అని.

పదిహేడో రోజో పద్దెనిమిదో రోజో, మా రిగ్గర్లలో శ్రీకాకుళం కుర్రాడు ఒకడు హుక్ వైపు వేలు చాచి ‘హుక్…’ అని ఆగిపోయాడు. సరే అన్న మాట రాలేదు. హుక్ నోటికి అడ్డంగా ఉండే నాలుక, సేఫ్టీ లాచ్ అంటాం, దాని స్ప్రింగు విరిగిపోయి నాలుక వేలాడుతోంది. ముందు రోజు సాయంత్రం దాకా బాగానే ఉందని లాగ్‌బుక్కులో ఉంది. వేలు అటు చాచాడు కాబట్టి కన్ను అక్కడ ఆగింది. స్లింగ్ తీసేసి, హుక్ మార్పించడానికి గంటన్నర పట్టింది. స్లింగ్ జారి ఉండేదో లేదో నేను చెప్పలేను. ఆ కుర్రాడు మాత్రం ‘సరే’ అనకుండా నిలబడ్డ ఆ రెండు సెకన్లు నా కళ్ళ ముందు ఇంకా ఉన్నాయి, పైన ఆపరేటరు, కింద అందరం, అతని నోటి నుంచి ఆ మాట కోసం చూస్తున్నాం.

బొటనవేలు భోజనం మా దగ్గర ఇంకా చెయ్యలేదు. క్యాంటీన్ టైము ముప్ఫై నిమిషాలే, రెండు బ్యాచులు, ఐదు నిమిషాలు చేయించి తీసేయించాలంటే నాకు ఇష్టం లేదు, అలా మూడుసార్లు చేసింది చాలు. మార్చి 4న నేషనల్ సేఫ్టీ డే, ఆ వారంలో ఒక రోజు అందరికీ ఒకేసారి గంట భోజనం టైము ఇమ్మని అడిగా, ప్లాంట్ హెడ్ ఒప్పుకున్నాడు, ఆయన కూడా అరిటాకు ముందే కూర్చుంటానన్నాడు. అంబత్తూరు పెద్దాయనకి ఫోన్ చేస్తే ఆయన అప్పటికే వాళ్ళ షాపులో చేయించేశాడు. వేలు లేని ఆ ఇద్దరినీ ముందు అడిగి, వాళ్ళు సరేనన్నాకే చేశాడట. అందులో ఒకాయన మిగతావాళ్ళకి ముద్ద ఎలా చెయ్యాలో దగ్గరుండి నేర్పించాడని చెప్పాడు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి: కొత్తగా చేరిన సేఫ్టీ ఆఫీసర్ల కంటే ఐదారేళ్ళు చేసి, చెప్పిందే చెప్పి అలిసిపోయినవాళ్ళకి ఇది ఎక్కువ పనికొస్తుంది. ఒక్కరే వెళ్ళకండి, కుదిరితే మీ ప్రొడక్షన్ సూపర్‌వైజరుని కూడా తీసుకెళ్ళండి, తిరిగొచ్చాక ఒంటరిగా మొదలుపెట్టడం కష్టం. ముదురు రంగు చొక్కా వేసుకోండి. టేపు మాత్రం మీరే కొనుక్కుని వెళ్ళండి, వైరింగుకి చుట్టే నల్ల టేపు. వాళ్ళిచ్చిన తెల్ల టేపు చెమటకీ సాంబారుకీ సగంలోనే వదులైపోతుంది, నా ఎదురుగా కూర్చున్న ఇద్దరికి అలాగే ఊడిపోయింది, వాళ్ళు మామూలుగా తినేసి లేచారు.